మొదటి పూత

నా చిన్నప్పుడు ఎవరైనా "పెద్దయ్యాక ఏమవుతావే?" అని అడిగితే, తోటిపిల్లల్లాగా డాక్టరమ్మనవుతాననో ఇంజినీరునవుతాననో చెప్పేదాన్ని కాదు. "మా తాతయ్య పక్కన మైనం పీట ముందు కూర్చుంటాను" అనేదాన్ని. అడిగినవాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయేవారు. నాకు మాత్రం అందులో నవ్వాల్సింది ఏమీ కనపడేది కాదు. రావులపాలేనికి దగ్గర్లోనే మా ఊరు. మా ఇంటి వెనక తాటాకుల పాకలో పనసచెక్కతో చేసిన నున్నటి పీట ఒకటి ఉండేది. దాని మీద మైనం ముద్ద పెట్టుకుని మా తాతయ్య బొమ్మలు చేసేవారు. పీటకి ఇవతల మరొకరు కూర్చునేంత చోటు ఉండేది. ఆ చోటు నాదేనని, నేను కాస్త ఎదిగేదాకా దాన్ని నాకోసం ఖాళీగా ఉంచారని అనుకునేదాన్ని.

మాది ఇత్తడి పోత పోసే కుటుంబం. అప్పటికే ఊళ్ళోకి స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బకెట్లు వచ్చేసి ఇత్తడి సామానంతా అటకెక్కింది. మా నాన్న కూడా రాజమండ్రిలో ఒక స్టీలు సామాన్ల కొట్లో పనికి కుదిరాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే తాతయ్య మాట మార్చేసేవారు. అయితే దేవుడి గదిలోకి స్టీలు ఇంకా అడుగుపెట్టలేదు. పూజగంటలు, దీపపు కుందులు, చిన్న చిన్న విగ్రహాలు మా దగ్గరే చేయించుకునేవారు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద మట్టి పూస్తారు. ఆరిన మట్టిని మంట మీద పెడితే లోపలి మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే లోపల ఇత్తడి బొమ్మ ఉంటుంది. మైనం పని తాతయ్యది, మట్టి పని మా మామ్మది. మైనం తేనె వాసన వేసేది, మట్టి పేడ వాసన వేసేది. నేను దేనివైపు ఉండేదాన్నో వేరే చెప్పాలా?

నేను అయిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో తాతయ్య కళ్ళకి శుక్లాలు కమ్ముకొచ్చాయి. నంది మూపురం, వీపు, మడిచిన మోకాళ్ళు ఆయన వేళ్ళకి కంఠతా వచ్చు గనక చీకట్లోనైనా చెయ్యగలరు. కానీ కళ్ళు దిద్దడం, మెడలో మువ్వలు పేర్చడం ఆయన వల్ల కావడం లేదు. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆపరేషన్ అయ్యేదాకా నా పక్కన కళ్ళున్నవాళ్ళెవరో ఒకరు కూర్చోవాలి. చెయ్యి కుదిరితే ఇక ఎప్పటికీ వాళ్ళే" అన్నారు. నేను అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కొచ్చేశాను, అప్పటికప్పుడు రమ్మంటారేమోనని. ఆయన తాపీగా మజ్జిగ పోసుకుంటూ కూర్చున్నారు.

సరిగ్గా ఆ వారమే మా మేనత్త కూతురు నరసాపురం నుంచి సెలవులకి దిగింది. నాకంటే పెద్దది, వరసకి వదిన. మా అత్త లేసు అల్లేది. ఆ పక్క ఊళ్ళల్లో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో దారపు ఉండ, చేతిలో సూది కనపడతాయి. మాటలు వచ్చిన కొత్తల్లోనే మా వదినకి అల్లిక వచ్చేసిందని అత్త గొప్పగా చెప్పుకునేది. ఆ పిల్ల గౌనుకి లేసు కాలరు, రుమాలుకి లేసు అంచు, ఆఖరికి తాగే నీళ్ళ సీసాకి కూడా లేసు తొడుగు. గుమ్మంలో చెప్పులు విప్పిందో లేదో, మా మామ్మ "ఎంత చిక్కిపోయావే తల్లీ" అంటూ ముంజల గిన్నె తెచ్చి చేతికిచ్చింది. అవి పొద్దున్న కొని, సాయంత్రం పెడతానని నా చేత ముట్టుకోనివ్వకుండా దాచిన ముంజలు.

నిజం చెప్పాలంటే వదిన మంచి పిల్ల. నా ప్రాణానికి వచ్చింది అదే. గయ్యాళిదైతే హాయిగా పోట్లాడి ఊరుకునేదాన్ని. ఆ ముంజల్లో సగం తీసి నా చేతిలో పెట్టింది. "నాకేం అక్కర్లేదు" అన్నాను. అక్కర్లేకపోవడమేమిటి, నోట్లో నీళ్ళూరుతున్నాయి. అది నిజమే అనుకుని మిగతావి కూడా తినేసింది. ఆ సాయంత్రమంతా నా కడుపు కాలుతూనే ఉంది.

మర్నాడు తాతయ్య ఇద్దరినీ పాకలోకి పిలిచి చెరొక మట్టిముద్ద ఇచ్చారు. మైనం ఊరికే రాదు గనక ఎవరి చెయ్యైనా ముందు మట్టి మీదే తిరగాలి. నందిని చెయ్యమన్నారు. నేను ఆ పాకలో పాకడం నేర్చుకున్నదాన్ని. బూడిదలో ఆడుకుంటూ ఎన్ని నందుల్ని చూశానో లెక్కలేదు. ఇంత చిన్న పరీక్ష పెట్టారేమిటని అనుకున్నాను కూడా. కానీ నా నంది కాళ్ళు కుంగిపోయాయి, బొజ్జ నేలకి ఆనింది, చెవులు నిలబెడుతుంటే ఊడిపోయాయి. వదిన మాత్రం అంతకుముందు నంది బొమ్మ ముట్టుకోలేదట గానీ, మట్టిని సన్నటి పురి తిప్పి తన నంది మెడకి తాడు కూడా అల్లి పెట్టింది. మామ్మ రెండూ చూసి, "నందిని పందిని చేశావు కదే!" అని నా బుగ్గ గిల్లింది. వదిన పక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వినందుకు కాదు గానీ, అలా అడ్డం పెట్టుకున్నందుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తాతయ్య నవ్వలేదు. రెండు బొమ్మలనీ చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో తడిమి చూశారు. "నరసాపురం పాపా, రేపట్నుంచి ఇలా వచ్చి కూర్చోమ్మా" అన్నారు. పీటకి ఇవతల, ఆ చోట్లో.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా" అంది మామ్మ. ఆవిడ మాటలో ఏ పాపమూ లేదు, మనవరాళ్ళతో మేలమాడింది అంతే. నేను ఆ సామెతని మూట కట్టుకుని లోపల దాచుకున్నాను. ఆ వేసవిలో ఎన్నిసార్లు విప్పి చూసుకున్నానో.

తరువాతి రోజుల్లో నాకు చదువూ ఆటా లేదు, కుళ్ళుకోవడమే పని. వదిన మైనాన్ని అరచేతుల మధ్య తిప్పి దారంలా లాగేది. అది తెగకుండా సాగుతుంటే తెగితే బాగుండునని చూసేదాన్ని. ఒకసారి తెగింది. "తెగిందా? పోనీలే అమ్మా, చలికాలం మైనంలా పెళుసుగా ఉంది" అని తాతయ్య మైనాన్ని తప్పుపట్టారు. అదే నా చేతిలో తెగితే ఏమనేవారో అని రోజంతా ఆలోచించాను. నా వేళ్ళని దాని వేళ్ళతో పోల్చి చూసుకున్నాను. దానివి పొడుగ్గా బెండకాయల్లా ఉండేవి. నావి గోళ్ళు కొరికేసి మొద్దుబారి ఉండేవి. తాతయ్య మసక కళ్ళు చికిలించి, "మువ్వ ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగితే, అది ఆయన వేలు పట్టుకుని ఆ మువ్వ మీద పెట్టేది. నేను పాక గుంజకి ఆనుకుని చూసేదాన్ని. ఆ వేలు పట్టుకోవాల్సింది నేను. నా ఏడుపంతా అందుకే.

నాకు దొరికింది మామ్మ దగ్గర మట్టి పని. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, ఆ రోజుల్లోనే మా మామ్మ నీళ్ళు లేని పంటకాలువలోకి దిగి అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు తీసుకొచ్చేది. దాన్ని నానబెట్టి, పాత పంచెతో వడగట్టి, కాల్చిన ఊక పొడి, పేడనీళ్ళు కలిపి పల్చగా జారుడుగా చేసేది. ఆ వడగట్టే పంచెకి అవతలి కొస పట్టుకోవడం నా ఉద్యోగం. పంచె పిండుతూ పాకలోకి చూసేదాన్ని. "చూపులు ఇటు పెట్టవే, మట్టంతా నీ పరికిణీ మీదే ఉంది" అనేది మామ్మ.

అలాంటి సమయంలో మండపేట నుంచి ఒక మిల్లు షావుకారు గారు వచ్చారు. ఆయన కొత్త రైసుమిల్లు కట్టుకున్నారు. మిషన్లకి పూజ చేసే రోజుకి పిడి మీద నంది ఉన్న గంట కావాలన్నారు. "పాత మిల్లులో గంట కూడా మీ చేతిదేనండి. ఇదీ అలాగే ఉండాలి" అని తాతయ్య చేతులు పట్టుకుని చెప్పి వెళ్ళారు. ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా తాతయ్య అరుగు మీదే నిలబడ్డారు. నంది పని వదినకి అప్పగించారు. నేను అడగను కూడా లేదు. అడిగి లేదనిపించుకోవడం కన్నా అడక్కుండా ఏడవడమే నయమనిపించింది.

ఆ మైనపు నందిని నేను ఇప్పటికీ గీసి చూపించగలను. నిమ్మపండు కన్నా పెద్దది కాదు గానీ దాని మెడలో మూడు పేటల పట్టెడ, పేటకీ పేటకీ మధ్య లేసు అల్లికలో వచ్చే చిన్న చిన్న వంకీలు, వంకీ వంకీకి ఒక మువ్వ. ఎడమ చెవి కాస్త వెనక్కి వాలి, ఎవరి మాటో వింటున్నట్టు ఉండేది. కళ్ళు సగం మూసి ఉండేవి. ఇరుగమ్మలు పొరుగమ్మలు వచ్చి చూసి బుగ్గలు నొక్కుకున్నారు. "నీ వేళ్ళకి దిష్టి తగులుతుందే" అంటూ మామ్మ వదిన చేతులకి ఉప్పు తిప్పి పడేసింది. తగిలితే నాదే తగలాలి మరి.

గంట భాగానికి నందిని అతికించాక మట్టి పూత వెయ్యాలి. మైనానికి నేరుగా తగిలే మొదటి పూత చాలా ముఖ్యమని మామ్మ అంటుంటే వినడమే గానీ, ఎందుకో నాకు పట్టేది కాదు. ఆవిడ కొంగు బిగించి కూర్చోబోతుంటే తాతయ్య ఆపారు.

"నువ్వుండు. ఈ నందికి మొదటి పూత దీనిచేత వేయిస్తాను" అని నావైపు చెయ్యి చూపించారు.

"పసిపిల్లండీ! షావుకారు గారి పనండీ!" అంది మామ్మ.

"నాకు తెలుసులే" అని ఆయన నందిని నా చేతుల్లో పెట్టారు. "చూడమ్మా, ఇది నీ కంటికి కనపడకుండా పోవాలి. కన్ను, ముక్కు, చెవి, మువ్వ, ఏదీ మిగలకూడదు. ఎక్కడైనా మైనం తళుక్కుమందంటే ఒప్పుకోను. గట్టిగా నొక్కకు, మైనం చొట్టపోతుంది. మెల్లిగా, కానీ మొత్తం పూడ్చెయ్యి."

అంత ఇష్టమైన పని ఆ వేసవిలో నాకెవరూ చెప్పలేదు. పరీక్షలో ఫస్టు వచ్చినా అంత సంతోషించి ఉండను. ఆ బొమ్మని ఊరంతా పొగిడింది, ఇప్పుడు దాన్ని ఎవరూ చూడకుండా పూడ్చే హక్కు నాకిచ్చారు. పాకలో నన్నూ నందినీ వదిలి తాతయ్య అరుగు మీదికి వెళ్ళిపోయారు. వదిన గుమ్మంలో నిలబడి, "కొంచెం మెల్లిగా పుయ్యవే" అంది. "నాకెవరూ చెప్పక్కర్లేదు" అన్నాను.

ఎక్కడ పని బాగుందో ముందు అక్కడికే వెళ్ళాను. ఆ సగం మూసిన కళ్ళు నాకు మొదటి శత్రువులు. కోడి ఈకని మట్టిలో ముంచి కనురెప్ప కింది సందులోకి జార్చాను. కన్ను పోయింది. హాయిగా అనిపించింది. పట్టెడ దగ్గర ఒక్కొక్క వంకీనీ వెతికి పట్టుకుని, అగ్గిపుల్ల మొనతో మట్టిచుక్క పెట్టి పూడ్చాను. మువ్వ ముందు భాగం పూస్తే చాలదనిపించింది. వెనక్కి కూడా వెళ్ళాను. నాకు కనపడని చోట కూడా దాని గొప్పతనం మిగలకూడదు. మట్టిలో అక్కడక్కడ బుడగలు లేచి, బుడగ కింద మైనం పసుపుపచ్చగా మెరిసేది. అది నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఊది పగలగొట్టి ఆ చుక్క మీద మళ్ళీ పూశాను. వెనక్కి వాలిన ఎడమ చెవి లోపలి మడత దగ్గర మట్టి నిలవక జారిపోతుంటే పంతం పట్టి కూర్చున్నాను. మామ్మ కాఫీ పెట్టి పిలిచినా లేవలేదు. గట్టిగా నొక్కకూడదన్నారు గనక నా కోపమంతా వేళ్ళ చివర్లో పట్టి ఉంచి, పసిపిల్లకి కాటుక పెడుతున్నంత మెల్లిగా పూశాను. చివరికి గంట పిడి మీద ఒక మట్టిబెడ్డ మిగిలింది. అది నందో చిలగడదుంపో ఎవరూ చెప్పలేరు. తాతయ్యకి చూపిస్తే కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అన్నారు. ఆ పూట నేను మారు వడ్డించుకుని తిన్నాను.

అది నీడలో ఆరాక, పై పూతలు ఊక కలిపిన ముదురు మట్టితో మామ్మే వేసింది. ఇనపతీగ చుట్టి, మైనం కారడానికీ ఇత్తడి పొయ్యడానికీ ఒక నోరు వదిలి, మళ్ళీ ఆరబెట్టింది. అది గుమ్మడికాయంత అయ్యేసరికి నాకు మరీ నిశ్చింతగా ఉంది.

పోత రోజు నాన్న స్టీలు కొట్టుకి సెలవు పెట్టి వచ్చాడు. షావుకారు గారు సాయంత్రానికి వస్తానని కబురు చేశారు. మధ్యాహ్నం తాతయ్య ఆ మట్టిముద్దని బోర్లా పెట్టి కింద సన్నటి మంట వేశారు, నోటి దగ్గర నీళ్ళ పళ్ళెం పెట్టారు. కాసేపటికి మైనం బొట్టు బొట్టుగా నీళ్ళలో పడి తెట్టు కట్టింది. వదిన గొంతుక్కూచుని చూస్తోంది.

"ఇదేంటి తాతయ్యా, ఇంత మైనం?" అని అడిగింది.

"నీ నందేనమ్మా."

"మరి లోపల?"

"లోపల ఏమీ ఉండదమ్మా. ఖాళీయే."

మైనం కరుగుతుందని దానికి చెప్పాం. అయితే అది అర్థం చేసుకున్నది వేరు. పైపైన ఏదో కొంచెం కరుగుతుందని, తన బొమ్మ మటుకు లోపల అలాగే ఉండి ఇత్తడి అయిపోతుందని అనుకుందట. పళ్ళెంలో చెయ్యి పెట్టి మైనపు తెట్టు తీసింది. అందులో చెవి లేదు, మువ్వ లేదు. దాని కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారిపోయాయి. దాని ఏడుపు చూడాలని ఆ వేసవంతా నేను ముడుపు కట్టినట్టు ఎదురుచూశాను. తీరా వచ్చాక నాకు ఏ సంబరమూ కలగలేదు, గాభరా పుట్టింది.

అది మామ్మ దగ్గరికి వెళ్ళలేదు, తాతయ్య దగ్గరికీ వెళ్ళలేదు. నా దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుంది. "నువ్వు బాగా పూశావా?" అంది. "కళ్ళల్లోకి వెళ్ళిందా మట్టి?"

"వెళ్ళింది."

"మువ్వల వెనక?"

"వెనక కూడా పూశాను."

"ఎడమ చెవి లోపల జారిపోతుందే..."

"జారింది. ఎండేదాకా ఈకతో పట్టుకుని కూర్చున్నాను."

ఆ మాట చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. కళ్ళు మూసుకుంటే ఆ నంది మొత్తం నాకు కనపడుతోంది, ఏ వంకీ ఎటు తిరిగిందో కూడా. నేను చేసిన నంది ఎలా ఉండేదో గుర్తే లేదు, దీన్ని మటుకు ఎక్కాల్లా అప్పజెప్పగలను. అంతలో ఇంకో సంగతి తట్టి భయమేసింది. ఇప్పుడా నంది ప్రపంచంలో ఎక్కడా లేదు. నా మట్టిలో పడిన గుంటలే దాని ఉనికి. అది సరిగ్గా రాకపోతే షావుకారు గారి ముందు తాతయ్య తల దించుకోవాలి. పాత గంటతో వచ్చిన పేరు కూడా పోతే, ఇక ఈ పాకలోకి ఎవరొస్తారు? దాన్ని పూడ్చెయ్యాలని అంత తాపత్రయపడినదాన్ని, ఒక్క మువ్వ కూడా పోకూడదని ఊళ్ళో దేవుళ్ళందరికీ మొక్కాను.

నాన్న ఇత్తడి కరిగిన మూసని పట్టకారుతో కొలిమిలోంచి ఎత్తాడు. తాతయ్య మంట రంగు చూడలేరు గనక శబ్దం విని "ఇప్పుడు" అన్నారు. కరిగిన ఇత్తడి ఆకుపచ్చటి నాలుకలు చాస్తూ మట్టి నోట్లోకి దిగింది. చల్లారేదాకా నేనూ వదినా పాక గుంజకి చెరోవైపు ఆనుకుని కూర్చున్నాం. అది నా చెయ్యి వదల్లేదు. నేను లాక్కోలేదు.

సుత్తితో మెల్లగా కొట్టి తాతయ్య మట్టి విప్పుతుంటే, ముందు ఒక మసిబారిన కొమ్ము బయటికి వచ్చింది. తరువాత చెవి. వెనక్కి వాలిన చెవి, లోపలి మడతతో సహా. మామ్మ చింతపండు పెట్టి రుద్దింది. మువ్వలు ఒక్కొక్కటే తేలాయి, వాటి వెనక ఖాళీతో సహా. అనవసరమైన బొడిపె గానీ తొర్ర గానీ ఎక్కడా లేదు. ఆకురాయి పెట్టాల్సిన అవసరం రాలేదని నాన్న తిప్పి తిప్పి చూశాడు. తాతయ్య చూడలేదు, తడిమారు. ఆయన బొటనవేలు కనురెప్ప కింద ఆగిపోయింది. తనలో తాను నవ్వుకున్నారు.

షావుకారు గారు వచ్చి గంట మోగించి, నందిని వెలుగులో పెట్టి చూసి, "పాతదాన్ని మించిపోయిందండీ! మీ చెయ్యేనా?" అన్నారు.

"నాది కాదండి. మైనం ఆ మనవరాలిదండి, మట్టి ఈ మనవరాలిదండి. ఆయ్" అన్నారు తాతయ్య.

మైనం పేరు ముందు చెప్పి మట్టి పేరు వెనక చెప్పారేమిటని అప్పుడు కూడా నాలో ఏదో కలుక్కుమంది. ఉన్నమాట చెబుతున్నాను, మంచిదాన్నైపోయానని అనుకోకండి. కానీ షావుకారు గారు నావైపు తిరిగి చేతులు జోడించారు. పెద్దాయన నాకు దణ్ణం పెట్టడమేమిటని సిగ్గుతో మామ్మ వెనక దాక్కున్నాను.

ఆయన వెళ్ళాక తాతయ్య కాళ్ళు కడుక్కుంటుంటే నేను బోరింగు కొట్టాను. నీళ్ళ చప్పుడు ఆగాక మెల్లిగా అన్నారు. "మీ మామ్మ చేత వేయిస్తే బాగానే వేస్తుంది. కానీ తను చూసి మెచ్చుకుని పూస్తుంది. మెచ్చుకునేవాళ్ళు పైపైన చూస్తారే. కుళ్ళుకునేవాళ్ళు సందుసందునా వెతుకుతారు. నా కళ్ళు మసకేగానీ, నీ మొహం కనపడనంత మసక కాదు."

నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. అన్నీ తెలిసే ఇచ్చారన్నమాట. తిడతారనుకున్నాను, తిట్టలేదు. తడిచేత్తో నా తల మీద తట్టి, "ఆ మంట ఎక్కడికీ పోదు. దాన్ని వేళ్ళ చివరికి తెచ్చావు చూడు, అలాగే తెచ్చుకుంటూ ఉండు" అని లోపలికి వెళ్ళిపోయారు.

సెలవులయ్యాక వదిన నరసాపురం వెళ్ళిపోయింది. పీట ముందు చోటు మళ్ళీ ఖాళీ అయింది. తాతయ్య నన్ను పిలవలేదు, నేను కూర్చోలేదు. నాది మట్టి వైపని ఇద్దరికీ తెలిసిపోయింది. మామ్మ చేతులు వణకడం మొదలయ్యాక పాక మూసేదాకా మొదటి పూతలన్నీ నేనే వేశాను. ఆపరేషన్ అయ్యాక తాతయ్యకి చూపు వచ్చింది గానీ, అప్పటికి దేవుడి గదుల్లోకి కూడా యంత్రంలో చేసిన గంటలు వచ్చేశాయి.

ఇప్పుడు నా జుట్టు సగం తెల్లబడింది. బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతాను. తాతయ్య అన్నట్టు ఆ మంట పోలేదు. నాకంటే బాగా చెప్పే టీచరు వస్తే ఇప్పటికీ కడుపు కాలుతుంది. అప్పుడు వెళ్ళి ఆవిడ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాను. పూడ్చెయ్యాలన్నంత కసితో చూస్తాను, ఎక్కడ ఆగింది, ఎక్కడ నవ్వించింది, ఏ పిల్లవాడి దగ్గరికి వెళ్ళి నిలబడింది. నాకు తెలిసిన పాఠం చెప్పడమంతా అలా నేర్చుకున్నదే.

పోయిన ఏడు వదిన మా ఇంటికి వచ్చింది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలుస్తూనే ఉంటాం గానీ, తీరిగ్గా కూర్చోవడం చాలా కాలానికి. నా బీరువాలో ఏదో వెతుకుతుంటే దానికి ఒక నల్లటి మట్టిపెంకు దొరికింది. పోత రోజు పాకలో ఊడ్చేస్తుంటే నేను ఏరి దాచుకున్న ముక్క. ఒకవైపు ఊకతో గరుకుగా ఉంటుంది, రెండోవైపు నున్నటి చిన్న గుంట. అది ఆ గుంటలో వేలు పెట్టి తడిమింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇది నా నంది చెవే" అంది.

"అవును."

"ఇన్నేళ్ళూ నీ దగ్గరుందా? నా మైనం కరిగిపోయింది. గంట మండపేట పోయింది. చేసింది నేను, నాకు ఏమీ మిగల్లేదే." నవ్వబోయి, నవ్వలేక అంది. "నీ మీద అప్పట్నుంచీ కుళ్ళేనే నాకు. ఆ షావుకారు దణ్ణం నీకు పెట్టాడు, నాకు పెట్టలేదు. దీన్ని నాకిచ్చెయ్యకూడదూ?"

దాని కళ్ళల్లోకి చూశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాక గుంజకి ఆనుకుని ఒక వేసవంతా నేను చూసిన చూపు. జాలేసింది, ప్రేమ పుట్టుకొచ్చింది, దాన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరాను. మట్టిపెంకు మాత్రం దాని చేతిలోంచి మెల్లిగా, చొట్టపోకుండా తీసి, మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాను.